ఎవరి పేరుతో మార్చారు

ఏడేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం, వినార్సి ఇంటికి వెళ్లిపోయాక, ఎవరో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె గీసిన డ్రాయింగులో పదిని ఎనిమిది చేశారు.

సురబాయ రేవు పక్కన, పెద్ద ఓడల్ని లాగే టగ్ బోట్లు కట్టే యార్డు అది. పెద్దవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లయితే బూ అనీ, తోటి మగవాళ్లని మాస్ అనీ పిలవడం అక్కడి మర్యాద. ఇంజను గది అడుగున వేసే ఇనప రేకు పది మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎనిమిదివి చాలా మిగిలిపోయి ఎండకీ వానకీ తుప్పు పడుతున్నాయి. వాటినే కోశారు, సగం అతికించారు కూడా. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు కొలత పెట్టి చూసి పని ఆపించేశాడు. ఎవరు మార్చారన్నది తేలలేదు. తేలే దారీ లేదు. డ్రాయింగు విభాగంలో తొమ్మిది మందికీ సర్వర్‌లోకి వెళ్లడానికి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. దాన్ని కాగితం ముక్కల మీద రాసి మానిటర్లకి అతికించుకున్నారు. టీ తెచ్చే ఆవిడకి కూడా అది నోటికొచ్చు.

తేలనప్పుడు గీసినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. విభాగం పెద్ద పాక్ దార్సోనో అందరి ముందూ ఆ డ్రాయింగు ఎత్తి పట్టుకుని, "కింద ఎవరి పేరుంది? చదువు" అన్నాడు. ఆమె తన పేరు తానే చదివింది.

మార్చిందెవరో వినార్సికి తెలుసు. పాత రేకులు ఎలాగైనా వాడెయ్యాలని నెల రోజులుగా సణుగుతున్నది దార్సోనోయే. చూసినవాడు కూడా ఉన్నాడు. పక్క బల్ల తుకిరాన్ ఆ శనివారం గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాడట, పెద్దాయన ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడట. సోమవారం క్యాంటీన్లో తనంతట తానే గొంతు తగ్గించి ఆమెకి చెప్పాడు. మంగళవారం యార్డు యజమానురాలు బూ లియానా పిలిచి అడిగితే మాత్రం, "నేనేం చూడలేదు బూ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వినార్సి అతని పక్కనే నిలబడి ఉంది. అతను తన చెప్పుల వంక చూసుకుంటూ అన్నాడు.

ఆమె చేతిలో హెచ్చరిక కాగితం పెట్టి, గీసే పని మాన్పించి, సామాన్ల గోదాముకి పంపేశారు. మూడేళ్లు బోల్టులు లెక్కపెట్టింది, రంగు డబ్బాలు సర్దింది. ఎవరితోనూ గొడవ పడలేదు. గోదాములో మూలపడ్డ పాత కంప్యూటర్‌ని దుమ్ము దులిపి బాగు చేసుకుంది. సాయంత్రాలు పాలిటెక్నిక్‌కి వెళ్లి నెట్‌వర్కుల కోర్సు చదివింది. మొగుడు పోర్టులో క్రేను నడిపేవాడు. ఈ వయసులో ఈ చదువులెందుకని అతను అడిగితే, "ఒక మాట తేల్చుకోవాలి" అని ఊరుకుంది. యార్డు మొత్తానికి కంప్యూటర్లు చూసే ముసలాయన సాయానికి మనిషి కావాలన్నప్పుడు గోదాము నుంచి ఆమె వెళ్లింది. ఆయన రిటైరయ్యాక ఆ చిన్న గదికి ఆమె ఒక్కతే దిక్కయింది.

ఏడో ఏడు, పడవలను తనిఖీ చేసే సంస్థ కొత్త నియమం పెట్టింది. ఏ డ్రాయింగుని ఎవరు, ఎప్పుడు మార్చారో చూపించగలిగితేనే ముద్ర వేస్తామంది. బూ లియానా వినార్సిని పిలిచి, కొత్త సర్వర్ కొంటాననీ, మనిషికో ఖాతా ఇచ్చి ఎవరి హద్దులో వాళ్లుండేలా చెయ్యమనీ చెప్పింది.

"నీకెన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది.

"మూడు వారాలు బూ," అంది వినార్సి. అంత మామూలుగా అనగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఆ మూడు వారాలూ ఆమె చేసిన పనిలో ఒక్క తప్పు పట్టడానికి లేదు. యార్డులో కంప్యూటర్ ముట్టుకునే నలభై ఒక్క మంది పేర్లూ రాసుకుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా హక్కులిస్తూ పోతే ఏడాది తిరిగేసరికి ఎవరికేముందో ఎవరికీ తెలియదని, ముందు గుంపులు చేసింది. చూడటం మాత్రమే చెయ్యగలిగేవాళ్లు ఒక గుంపు, గీసేవాళ్లు ఒకటి, ఆమోదించేవాళ్లు ఒకటి. హక్కులు గుంపుకి, మనుషులు గుంపులోకి. రేకులు కోసే షెడ్డువాళ్లు డ్రాయింగు తెరిచి చూడొచ్చు, చెయ్యి పెట్టలేరు. గీసేవాళ్లు తమ ఫోల్డరులో ఏమైనా చేసుకోవచ్చు. ఇన్‌స్పెక్టరు ముద్ర పడ్డవన్నీ "ఆమోదించినవి" అన్న ఫోల్డరులోకి పోతాయి, అక్కడ మార్చే హక్కు ఎవరికీ ఉండదు. మార్పు కావాలంటే కొత్త డ్రాయింగు గీసి మళ్లీ ముద్ర వేయించుకోవాల్సిందే. ఇవన్నీ కాక, ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఏది మార్చారో, ఏ కంప్యూటర్ నుంచి మార్చారో సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా ఒకటి. అది వేరే డిస్కు మీద ఉంటుంది. ఆమె ఒక్కతే చూడగలదు.

ఖాతాలిచ్చే రోజున డ్రాయింగు గదిలో పెళ్లిసందడిగా ఉంది. ఒక్కొక్కరే వచ్చి కొత్త పాస్‌వర్డు పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం చెయ్యాలి. లావుపాటి సుగెంగ్, పెళ్లాం పుట్టినరోజు పెట్టుకుంటానన్నాడు. అలాగైతే రెండూ మర్చిపోతావని వెనకనుంచి ఎవరో అన్నారు. తుకిరాన్ అందరికన్నా చివర వచ్చాడు. ఏడేళ్లలో అతను ఆమెతో పొడిపొడిగా తప్ప మాట్లాడలేదు. జుట్టు సగం నెరిసింది. సంతకం పెట్టి, "బాగా చేశావు విన్" అన్నాడు. ఆమె తలూపి కాగితం లాక్కుంది.

మర్నాడు దార్సోనో ఆమె గదికి వచ్చాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లున్న మనిషి. బాతిక్ చొక్కా మడత నలగకుండా కూర్చునేవాడు. ఆమోదించిన ఫోల్డరులో తనకి చెయ్యి ఆడటం లేదన్నాడు.

"అది ఎవరికీ ఆడదు పాక్. నియమం."

"నా విభాగానికి నువ్వు తాళం వేస్తావా? అక్షరం తప్పు దిద్దాలన్నా నీ గుమ్మం దగ్గర నిలబడాలా నేను? గోదాములో నేర్చుకున్నావా ఈ పెత్తనం?"

కాదనడానికి ఆమెకి అన్ని దారులూ ఉన్నాయి. బూ లియానా దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు, ఆ ఫోల్డరు తలుపు అతనికి ఎప్పటికీ తెరుచుకోదు. అతను మళ్లీ ఎవరి అంకె మీదా చెయ్యి పెట్టలేడు. అది మంచి పని, తన ఉద్యోగం కూడా అదే. కానీ తలుపు వేసేస్తే దొంగ ఎప్పటికీ పెద్దమనిషిగానే ఉండిపోతాడు.

ఆమె సొరుగులోంచి ఒక ఫారం తీసి అతని ముందు పెట్టింది. "మీరు అడిగితే కాదంటానా పాక్? ఎవరెవరికి కావాలో రాసి సంతకం చెయ్యండి. బూ సంతకం నేను తెచ్చుకుంటాను."

దార్సోనో తన పేరు రాశాడు. పెన్ను ఆపి ఆలోచించాడు. దాని కింద తుకిరాన్ పేరు కూడా రాశాడు.

ఆ రెండో పేరు చూడగానే ఆమెకి విషయం మొత్తం అర్థమైపోయింది. ఈసారి కుర్చీ మారదు, పేరు మారుతుంది. తుకిరాన్ పాస్‌వర్డు ఈపాటికే ఇతని జేబులో ఉంటుంది. అడిగితే ఇవ్వకుండా ఉండేంత వెన్నెముక తుకిరాన్‌కి ఏనాడూ లేదు. ఆమె చెప్పవచ్చు, ఆ పేరు అక్కర్లేదని కొట్టేయించవచ్చు. ఏమీ అనలేదు. బూ లియానా దగ్గరికి పట్టుకెళితే, ఆవిడ ఫోను మాట్లాడుతూ సంతకం గీకి ఇచ్చేసింది. వినార్సి వెనక్కి వచ్చి కూర్చుని, రెండు ఖాతాలకీ హక్కు ఇచ్చి, మొదటి కప్పు కాఫీ చల్లారకముందే పని ముగించింది.

ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి చిట్టా తెరిచేది. అయిదు నెలలు ఏమీ లేదు. ఆరో నెలలో ఉంది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. ఆమోదించిన ఫోల్డరులో ఒక ఫైలు మారింది. టగ్ వెనకవైపు, లాగుడు తాడు తగిలించే కొక్కెం కింద వేసే మందపాటి రేకు డ్రాయింగు. ఇరవై మిల్లీమీటర్లు పదహారు అయింది. పదహారు మందం రేకులు మిగిలి ఉన్నాయని ఆమెకి తెలుసు, యార్డులో ఎవరికైనా తెలుసు. మార్చిన వ్యక్తి: తుకిరాన్. మార్చిన కంప్యూటర్: దార్సోనో గదిలోది.

టైము చూసుకుంది, ఎనిమిదింపావు. ఇప్పుడే ఇది ముద్రించి బూ లియానా బల్ల మీద పెడితే పదిన్నరకల్లా అంతా అయిపోతుంది. కానీ అలా అయిపోతే దార్సోనో ఏదో పొరపాటని గొణిగి, ఒక హెచ్చరికతో బయటపడతాడు. తుకిరాన్‌కి అసలేమీ తెలియకుండానే గండం గడిచిపోతుంది. ఇన్‌స్పెక్టరు పాక్ సినాగా రేపు వస్తున్నాడు, ప్రతి మందమూ తన కాపీతో పోల్చి చూసే మనిషి. ఆ రేకు ఎలాగూ పడవ ఎక్కదు. ఆమె అది ముద్రించి సొరుగులో పెట్టి, చిట్టా మూసేసి, మధ్యాహ్నం ఎప్పటిలాగే క్యాంటీన్లో నల్లటి రవోన్ పులుసుతో అన్నం తిని, ఒక చెంచా సాంబల్ కారం ఎక్కువ వేయించుకుంది.

మంగళవారం అనుకున్నట్టే జరిగింది. సినాగా డ్రాయింగుని తన ముద్రకాపీ పక్కన పెట్టి చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. దార్సోనో అందరికన్నా ముందు మండిపడ్డాడు. ఇప్పుడు దాపరికం ఏమీ లేదు, మన దగ్గర కొత్త సర్వర్ ఉంది, ఎవరు మార్చారో అదే చెబుతుంది అంటూ వినార్సి గదికి పరుగున వచ్చాడు. ఏ ఫైలు, ఏ రోజు, ఏ టైము, ఎవరి పేరు, ఈ నాలుగూ ముద్రించి ఇమ్మని అడిగాడు. అడిగిన నాలుగూ ఆమె ఇచ్చింది. అయిదోది అతను అడగలేదు. అలాంటిదొకటి ఉంటుందని అతనికి తెలియదు.

గురువారం సినాగా మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముందే విచారణ అన్నారు. అంతవరకూ తుకిరాన్‌ని కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారు. అతను డ్రాయింగు గది బయట బెంచీ మీద రోజంతా కూర్చున్నాడు. దార్లో వచ్చేపోయేవాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. ఆమె అటుగా పనిలేకపోయినా రెండుసార్లు నడిచింది.

బుధవారం మధ్యాహ్నం అందరూ నమాజుకి వెళ్లాక అతను ఆమె తలుపు తట్టాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నీ సర్వర్ నా పేరు చెబుతోంది విన్. నేను చెయ్యలేదు."

"కాగితం మీద నీ పేరే ఉంది మాస్."

"శనివారం పన్నెండింటికే వెళ్లిపోయాను నేను. మా ఆవిడని బీపీ చూపించడానికి తీసుకెళ్లాను. పాస్‌వర్డు..." అని ఆగిపోయాడు. తర్వాత చిన్నగా, "పాక్‌కి తెలుసు. నేను సెలవు పెడితే పని ఆగకూడదని అడిగాడు. ఇచ్చాను" అన్నాడు.

"ఇవ్వనని సంతకం పెట్టావుగా?"

"పెట్టాను."

"మరి ఆయన మార్చాడని ఎవరైనా చూశారా?"

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తుకిరాన్‌కి తెలిసింది. కళ్లు కిందకి దించబోయి, మళ్లీ ఎత్తాడు.

"ఆ రోజు నేను చూశాను," అన్నాడు. "నీ కుర్చీలో. నీకు తెలుసు నేను చూశానని."

"నాకు చెప్పి ఏం లాభం మాస్? రేపు గదిలో చెప్పు."

"ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? నా మీదకొచ్చింది కాబట్టి పెద్దాయన మీద తోస్తున్నానంటారు."

"అంటారు," అంది వినార్సి. "నన్నూ అన్నారు."

అతన్ని కాపాడే కాగితం ఆమె మోచేతి కింద సొరుగులోనే ఉంది. సొరుగు తియ్యలేదు. అతను వెళ్లిపోతుంటే వెనకనుంచి చూసింది. చొక్కా వీపుకి చెమటతో అతుక్కుని ఉంది. జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. వెయ్యలేదు. లోపల ఎక్కడో, ఏళ్ల తరబడి గుచ్చుకుంటున్న ముల్లు కదిలినట్టయింది, అంతే.

గురువారం తొమ్మిదింటికి బూ లియానా గదిలో అయిదుగురు కూర్చున్నారు: ఆవిడ, సినాగా, దార్సోనో, తుకిరాన్, వినార్సి. దార్సోనో తన నివేదిక టైపు చేయించి తెచ్చాడు. నిలబడి చదివాడు. తుకిరాన్ తన పాత సహచరుడనీ, బాధగానే ఉందనీ, అయినా రికార్డు అబద్ధం చెప్పదనీ అన్నాడు. చివర సంతకం పెట్టి ఇన్‌స్పెక్టరు ముందుకి తోశాడు. వినార్సి ఎదురుచూసింది ఆ సంతకం కోసమే.

బూ లియానా తుకిరాన్ వైపు తిరిగింది. అతను లేచి నిలబడ్డాడు. తన పాస్‌వర్డు దార్సోనోకి ఇచ్చానని చెప్పాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, ఏడేళ్ల కిందట వినార్సి డ్రాయింగు మార్చింది కూడా ఈయనేనని, ఆ శనివారం తన కళ్లతో చూశానని, చూడలేదని మీకు అబద్ధం చెప్పానని అన్నాడు. దార్సోనో నవ్వాడు. మునిగేవాడు పక్కవాడి కాలు పట్టుకుంటాడని సినాగాతో అన్నాడు. సినాగా నవ్వలేదు గానీ నమ్మినట్టు కూడా లేడు. తుకిరాన్ ఒంటరిగా అలాగే నిలబడి ఉన్నాడు. గతంలో తాను అలాగే నిలబడిన సంగతి వినార్సికి బాగా గుర్తుంది. అతన్ని ఇంకో నిమిషం నిలబడనిచ్చింది.

అప్పుడు తన కాగితాలు బల్ల మీద పెట్టింది. "పాక్ దార్సోనో నాలుగు వివరాలు అడిగారు, ఇచ్చాను. సర్వర్ అయిదు రాసుకుంటుంది. అయిదోది కంప్యూటర్."

బూ లియానా కళ్లజోడు సవరించుకుని చదివింది. సినాగా తొంగిచూశాడు. గేటు దగ్గర రిజిస్టరు కూడా ఆమె తెప్పించింది: తుకిరాన్ బయటికి వెళ్లింది పన్నెండూ పదికి, దార్సోనో రెండింటికి. తన గదిలోకి ఎవరైనా వచ్చి కూర్చుని ఉండొచ్చన్నాడు దార్సోనో.

"ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది పాక్?" అని అడిగింది వినార్సి.

అతని చెయ్యి తన జేబు మీదకి పోయింది. ఆమె ఇంకో కాగితం ముందుకి జరిపింది. ఆమోదించిన ఫోల్డరు తెరవాలని అతను రాసిచ్చిన ఫారం, అతని చేతిరాతలో రెండు పేర్లు.

"కిందది చదవండి," అంది. "ఎవరి సంతకమో."

అతను చదవలేదు. అతని పెదాల చుట్టూ చర్మం బూడిదరంగులోకి తిరగడం ఆమె చూసింది, తృప్తిగా, తొందర లేకుండా చూసింది.

దార్సోనోని ఆ పూటే పొమ్మన్నారు. సొంత సామాన్లు తెచ్చుకుంటానని అతను తన గదికి వెళ్లాడు. వినార్సి తన గదికి వెళ్లి అతని ఖాతా తెరిచింది. అతను ఇంకా కంప్యూటర్ ముందు కూర్చుని ఏవో తీసుకోవాలని చూస్తున్నట్టు తెర మీద కనిపిస్తోంది. అతను ఒక ఫోల్డరు తెరిచి, ఇంకోటి తెరవబోయేదాకా ఆగి, ఖాతా ఆపేసింది. అతని గది అద్దాల గోడ అవతల అతను మౌస్‌ని మళ్లీ మళ్లీ నొక్కడం దూరం నుంచే కనిపించింది. ఆ తెర మీద ఇప్పుడు ఏ మాట వచ్చి ఉంటుందో ఆమెకి తెలుసు, ఆ వాక్యం ఆమె స్వయంగా రాసిందే: మీకు ప్రవేశం లేదు. కావాలంటే వినార్సిని అడగండి.

అతను అడగలేదు.

కథ ఇక్కడితో అయిపోయుంటే వినార్సికి బాగుండేది. మధ్యాహ్నం బూ లియానా ఆమెని ఒక్కదాన్నీ పిలిచింది. ఏడేళ్ల కిందటి హెచ్చరిక కాగితం ఫైల్లోంచి తీసి, ఆమె ముందే చింపేసింది. క్షమించమని కూడా అంది. ఆ తర్వాత చిట్టా కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. "సోమవారం ఎనిమిదింపావుకి."

"ఇవాళ గురువారం."

"అవును బూ."

"ఆ మనిషి రెండు రోజులు బయట బెంచీ మీద కూర్చున్నాడు. నిన్న సాయంత్రం వాళ్లావిడ నాకు ఫోను చేసి ఏడ్చింది. తెలుసా నీకు?"

"వాళ్లావిడ సంగతి తెలియదు," అంది వినార్సి. "బెంచీ సంగతి తెలుసు."

బూ లియానా ఆమె వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, కొత్త మనిషిని కొలుస్తున్నట్టుంది. ఇక మీదట చిట్టా ఆమె ఒక్కతే చూడటానికి వీల్లేదనీ, తన పాస్‌వర్డూ ఆమె పాస్‌వర్డూ రెండూ వేస్తేనే తెరుచుకునేలా చెయ్యమనీ చెప్పింది. ఏదైనా తేడా కనిపిస్తే ఇద్దరికీ ఒకేసారి తెలియాలంది.

తుకిరాన్ ఆ వారాంతానికే రాజీనామా ఇచ్చాడు. గ్రెసిక్‌లో బావమరిది వెల్డింగు షాపు ఉంది, అక్కడికి పోతున్నాడని చెప్పారు. ఖాతా మూయించుకోవడానికి సంతకం కావాలి కాబట్టి ఆమె గదికి రాక తప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టాక, చిట్టా కాగితం ముద్రించిన సోమవారం తారీఖు దాని మీద చూశానన్నాడు. తిట్టలేదు.

"నేను నీకు ఒక్క మాట బాకీ పడ్డాను," అన్నాడు. "గురువారం చెప్పేశాను. నువ్వు ఆ కాగితం చూపించి ఉంటే బుధవారం ఇంట్లో అన్నం తినేవాళ్లం, అంతే."

"నేను మూడేళ్లు గోదాములో తిన్నాను మాస్."

"తెలుసు," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె అతని ఖాతా మూసేసింది. తాను తప్పు చేశానని అనిపించలేదు. చిట్టా బయటపెట్టినందుకు కాదు, ఆగినందుకూ కాదు. చాలాసేపు వెతికితే, మంగళవారం సాయంత్రమే కాగితం బయటపెట్టి ఉంటే చాలేమో అన్నంతవరకు ఒప్పుకోగలిగింది. అంతకన్నా కిందకి దిగలేకపోయింది.

తర్వాత తన ఖాతా తెరిచింది. నిర్వాహకుల గుంపులో ఆ చిట్టా మీద ఉన్నది ఒక్కటే పేరు, తనది. దాని పక్కన రెండో పేరు చేర్చింది. ఒంటరిగా చదివే హక్కు దగ్గర గుర్తు తీసేసింది. మార్పు నిజంగా చెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కి, పనిచేస్తుందో లేదో చూడటానికి చిట్టా తెరవబోయింది. తెరుచుకోలేదు. రెండో పాస్‌వర్డు వెయ్యమంది.

ఆమె ఫోను తీసి, బూ లియానాకి ఒకసారి కిందకి రమ్మని కబురు పెట్టింది.